రాజలింగు తల్లి చెప్పిన మాట

2023 నవంబరు 17, శుక్రవారం. సాయంత్రం ఆరింటికి దుబాయ్‌లోని కరామా తెలుగు మహిళల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పడింది. అందులో మాట్లాడిన మనిషి దయాకర్ తల్లి కొమురవ్వ. ఏడింటికి దయాకర్ భార్య మంజుల ఆ గ్రూపులోంచి బయటికి వచ్చేసింది.

దయాకర్ అప్పటికి అబుదాబి దగ్గరి ముసఫ్ఫా నుంచి దుబాయ్ వచ్చే బస్సులో ఉన్నాడు. తెల్లవారుజామున కురిసిన వానకు రోడ్ల మీద నీళ్లు నిలిచాయి. బస్సు ఆగి ఆగి నడుస్తోంది. వారమంతా అతను అక్కడి కార్మికుల క్యాంపులో ఉంటాడు. కట్టే భవనాలకు పైపుల పరంజా నిలబెట్టే స్కాఫోల్డింగ్ ముఠాకు ఫోర్‌మన్. మంజుల క్లినిక్కులో నర్సు కాబట్టి ఫ్లాటు కరామాలో తీసుకున్నారు. ఆదివారం కూతురు కరుణకు జిమ్నాస్టిక్స్ పోటీ ఉందని ముదీర్‌ను, అంటే మేనేజరును, బతిమాలి శనివారం కూడా సెలవు పెట్టాడు.

మంజుల ఆ వీడియోను అతనికి పంపింది. కింద ఏమీ రాయలేదు.

వీడియోలో కొమురవ్వ సోఫా అంచున కూర్చుని ఉంది. ప్రశ్నలు అడిగింది మాలతి. తెలుగు సంఘంలో పిల్లల కార్యక్రమాలు చూసే విజయవాడ ఆవిడ. క్లబ్బుల పోటీలో మన కరామా పిల్ల బార్ల మీద చేయబోతోంది, పెద్దావిడ చేత నాలుగు మాటలు చెప్పించి గ్రూపులో పెడదామని గురువారం ఇంటికి వచ్చింది. మంజుల అప్పుడు డ్యూటీలో ఉంది.

మీ ఇంట్లో ఇంతకుముందు ఇట్లాంటి ఆటలు ఆడినవాళ్లు ఉన్నారా అమ్మా అని మాలతి అడిగింది. ఉన్నడు అంది కొమురవ్వ. తన మామకు తండ్రి, రాజలింగు. నూరేళ్లకు పైమాట. సికింద్రాబాదులో తెల్లవాళ్ల గోరా పల్టన్ కసరత్తు చేసే తాలింఖానాలో డబుల్ బార్ చేసేవాడని, కప్పు గెలిచాడని చెప్పింది. ఎవరు నేర్పారమ్మా ఆయనకు అని మాలతి అడిగింది.

"ఆయనకొకలు నేర్పాల్నా బిడ్డా? మేం గడ ఎక్కేటోళ్లం. ఊరూరు తిరిగి ఆడేటోళ్లం. దొమ్మరోళ్లంటరు సూడు, మేమే."

ఎంత బాగా చెప్పారమ్మా అంది మాలతి. ఆ మాట ఆమెకు తెలుసు. అది ఈ ఇంట్లో ఎవరికీ చెప్పని మాట అని మాత్రం తెలియదు.

వీడియో కింద చప్పట్ల బొమ్మలు ఉన్నాయి. తర్వాత కరీంనగర్ వైపు ఆమె ఎవరో ఒక ప్రశ్న పెట్టి తీసేసింది. ప్రశ్న పోయింది కానీ, తీసేసిన గుర్తు మిగిలింది.

దయాకర్ తల్లికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. భార్యకు చేశాడు. కట్ చేసింది. ఇయర్‌ఫోన్ తీసి జేబులో పెట్టుకుని, బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. పక్కసీటులో మలయాళీ కుర్రవాడు వాన గురించి హిందీలో ఏదో అన్నాడు. దయాకర్ తలూపాడు.

*

తలుపు కరుణ తీసింది.

"డాడీ, మమ్మీ హాల్ల ఉన్నది. బాపమ్మ కిచెన్ల ఉన్నది. నేను రూంల ఉంట." ఎవరెక్కడున్నారో డ్రైవరుకు దారి చెప్పినట్టు చెప్పి లోపలికి పోయింది.

మంజుల బల్ల దగ్గర కూర్చుని డ్యూటీ బట్టలు మడతపెడుతోంది. మడిచిన చొక్కానే విప్పి మళ్లీ మడిచింది.

"నిజమేనా?"

"అవును."

"నాకు ఎప్పుడు చెప్దామనుకున్నవ్?"

అతను బ్యాగు భుజం మీది నుంచి దించలేదు. పెళ్లప్పుడే చెబుదామనుకున్నానని చివరికి అన్నాడు. అప్పట్లో అతను ఎల్‌బీ స్టేడియంలో రాష్ట్రం తరఫున జిమ్నాస్టిక్స్ సాధన చేసేవాడు. భుజం జారి ఆసుపత్రిలో చేరితే, అక్కడ నర్సింగ్ చదువుతున్న మంజుల కట్టు కట్టింది. సంగతి ఇంట్లో తెలిశాక ఆమె తండ్రి అతన్ని పిలిపించి ఇంటిపేరు అడిగాడు. అతను చెప్పాడు. ఆ ఇంటిపేరు విని కులం ఏదో తండ్రే నిశ్చయించుకున్నాడు. అది వాళ్ల అసలు ఇంటిపేరు కాదు, రాజలింగు పెద్దయ్యాక తగిలించుకున్నది. దయాకర్ కాదనలేదు.

"మా నాయిన తప్పు సమజ్ చేసుకున్నడంటవ్. మరి నేను? పదహారేండ్ల సంది నీ పక్కల పన్న. నాక్కూడ మా నాయిననే చెప్పిండా?"

"మంజులా, మెల్లగ. పిల్ల ఇంటది."

"పిల్ల విన్నది. ఫోన్ల గూడ చూసుకున్నది, దొమ్మరోళ్లంటే ఎవలని. నాకంటె ముందుగాల దానికే సమజైంది."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. మంజుల గొంతు తగ్గించింది. తగ్గించాక ఆ మాటలు దయాకర్‌కు ఇంకా బాగా వినబడ్డాయి.

"కరుణ చిన్నప్పుడు సోఫ మీదికెల్లి దుంకుతుంటే నేనేమంటుంటి?"

అతను నేల చూశాడు.

"చెప్పు. యాద్ లేదా?"

"ఇప్పుడెందుకది?"

"దొమ్మరి గంతులు ఆపు అంటుంటి. పొద్దున అంటుంటి, మాపున అంటుంటి. మీ అవ్వ వచ్చినంక ఆమె ముందట గూడ అన్న. ఆమె ఒక్కనాడు మొఖం మార్చలే. నువ్వేం జేస్తుంటివి? టీవీ సౌండ్ పెంచుతుంటివి."

"అందరనే మాటనే గద."

"అందరంటరు. నన్ను ఆపాల్సింది నువ్వు. ఆపకపోతివి. నా నోటితోని నా పిల్లను, నీ తల్లిని నేను తిడుతుంటే చూసుకుంట కూసున్నవ్."

దయాకర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆమె లేచి కిటికీ దగ్గరికి పోయింది. కింద రెస్టారెంటు వాళ్లు మెట్ల మీది వాననీళ్లను చీపుళ్లతో రోడ్డు మీదికి తోస్తున్నారు.

కరీంనగర్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడని మంజుల చెప్పింది. గ్రూపులో ఎవరి చెల్లెలో అతని కాలనీలో ఉంటుంది. వీడియో గంటలో అక్కడికి చేరింది. తమ్ముడు ఏమన్నాడో ఆమె చెప్పలేదు. పైపులు ఎక్కే పనికి దుబాయ్ ఎందుకొచ్చావో ఇప్పుడు అర్థమైందని మాత్రం దయాకర్‌తో అంది. అని వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

చెయ్యి తీసి కిటికీ తెర లాగింది.

"కరుణ ఆదివారం పోదు," అంది మంజుల.

"ఎందుకు పోదు? ఏడాది సంది చేస్తున్నది. బార్ల మీద క్లబ్బుల దాన్ని మించినోళ్లు లేరు."

"నిన్నటిదాంక అది జిమ్నాస్టిక్స్. ఎల్లుండి ఆడ మన తెలుగోళ్లు ఎంతమంది ఉంటరో నీకు తెలుసు. అది బార్ మీదికి లేస్తే వాళ్లు ఏమనుకుంటరో నాకు తెలుసు. ఎట్ల తెలుసంటే, నేనే అన్న గదా."

ఫోన్ మోగింది. మాలతి. మంజుల స్పీకరు పెట్టి బల్ల మీద పడేసింది.

మాలతి గొంతులో ఆయాసం ఉంది. వీడియో తీసేశాను అంది. తనకేమీ తెలియదని ఒట్టేసింది. ఎవరెవరికి పంపుకున్నారో చెప్పలేను కానీ, ఇంకా చేయిదాటిపోలేదు అంది. "దయాకర్ గారూ, వింటున్నారా? అమ్మగారి చేత ఇంకోసారి రెండు ముక్కలు చెప్పిద్దామండీ. పొరపాటున అన్నాను, ఆయన పల్టన్లో ఉండేవాడు, అంతే. పెద్దావిడ కదా, మాట తడబడిందనుకుంటారు. రేపు సాయంత్రం నేనే వస్తాను."

ఫోన్ పెట్టేశాక మంజుల అతని వైపు తిరిగింది.

"మీ అవ్వ చెప్తే పిల్ల పోతది. చెప్పకుంటే పోదు. ఇగ నీ ఇష్టం."

బట్టలు తీసుకుని గదిలోకి పోయి తలుపు వేసుకుంది. దయాకర్ ఆ రాత్రి సోఫా మీద పడుకున్నాడు. వంటింటి పక్క అరలో తల్లి మేలుకుని ఉందని తెలుసు. ఆమె దగ్గు వినబడుతూనే ఉంది. అతను లేచి వెళ్లలేదు.

*

శనివారం పొద్దున కొమురవ్వ వంటింట్లో నేల మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆమె విజిట్ వీసా మీద వచ్చి నెల దాటింది. బల్ల మీద కూర్చుని కూరగాయలు తరగడం ఇంకా అలవాటు కాలేదు.

దయాకర్ ఆమె ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒక చిక్కుడుకాయ తీసుకుని ఈనె లాగాడు.

"అవ్వా, ఒక ముచ్చట."

"విన్న. రాత్రి అన్ని విన్న. ఈ ఇంటి గోడలు అట్టముక్కలు."

"ఎందుకట్ల అన్నవే? చెప్పద్దని లగ్గమప్పుడే అనుకున్నం గద."

ఆమె ఇంకో కాయ ఈనె తీసింది. బుధవారం కరుణ క్లబ్బుకు తనను తీసుకుపోయిందని, అక్కడ పిల్ల బార్ పట్టుకుని పైకి లేవడం చూశానని చెప్పింది. తన తండ్రి గడ మీద లేచినట్టే లేచిందట. అప్పటి నుంచి నోట్లో మాట నిలవలేదట. మర్నాడే మాలతి వచ్చి అడిగింది.

"దుబాయ్‌ల ఎవలకెరుక అనుకున్న. ఈడిదాంక వస్తదా ఆ పేరు అనుకున్న."

అతను నవ్వబోయి ఆగాడు. చేతిలో చిక్కుడుకాయ రెండుగా తుంచి పళ్లెంలో వేశాడు.

"మాలతి సాయంత్రం వస్తదట. పొరపాటున అన్న అను. తాత పల్టన్ల ఉండె అను. గంతే."

"గంతేనా?"

"గంతే."

"ఆ ముచ్చట నీ నోటితోని ఇంకొకపారి చెప్పు."

అతను ఇంకో చిక్కుడుకాయ అందుకోబోయాడు. కొమురవ్వ పళ్లెం పక్కకు జరిపింది.

"రాజలింగు కత నీకు ఎంతదాంక తెలుసు?"

దయాకర్‌కు తెలిసింది కొద్ది. మూడేళ్లు పోటీలకు పోయాడు. కప్పు గెలిచాడు. తర్వాత జగిత్యాల బళ్లో డ్రిల్లు మాస్టరు అయ్యాడు. కప్పు చాలాకాలం ఇంట్లోనే ఉండేది. నాయనమ్మ దాంట్లో ఉప్పు పోసుకునేది. అడుగును ఉప్పు తినేసి చిల్లులు పడితే పారేశారు. తనను చిన్నప్పుడు వేపకొమ్మకు వేలాడదీసి, రాజలింగు మునిమనుమనివిరా, పట్టు వదలకు అని తండ్రి అనేవాడు. అంతే తెలుసు.

"నడుమ ఒకటున్నది," అంది కొమురవ్వ. "మీ నాయినమ్మ నాకు జెప్పింది. మగోళ్లకు చెప్పకపోతుండె."

ఆమె చెప్పింది ఇదీ.

రాజలింగు వాళ్ల ముఠా సికింద్రాబాదు పరేడ్ మైదానం పక్కన ఆడుతుంటే ఒక గోరా సార్జంటు చూశాడు. పిల్లవాణ్ని తాలింఖానాకు రమ్మన్నాడు. పగలు గడ, పొద్దున డబుల్ బార్. గడ మీద అలవాటైన చేతులకు రెండు కర్రల మధ్య ఊగడం కష్టం కాలేదు. ఆగడమే కష్టమైంది. గడ మీద ఆగితే జనం వెళ్లిపోతారు. బార్ మీద కాళ్లు పైకి పెట్టి కదలకుండా ఆగినవాడికి మార్కులు. సార్జంటు అతనికి ఆగడం నేర్పాడు.

మొదటి ఏడు ఓడాడు. రెండో ఏడు రెండోవాడయ్యాడు. మూడో ఏడు పోటీ మొదలయ్యే ముందు ఎవరో ఫిర్యాదు చేశారు. వీడు వీధుల్లో ఆడి అడుక్కునేవాడు, పైసలు తీసుకుని ఆడినవాడు పోటీకి పనికిరాడు అని. ఆ రోజుల్లో అదే నియమం. పోటీ పెట్టిన దొరలు రాజలింగును పిలిచి అడిగారు. అతను తల దించుకున్నాడు.

అతని తల్లి కొడుకు ఆట చూద్దామని వచ్చి గేటు బయట నిలబడి ఉంది. మెడలో డోలు ఉంది. ఫిర్యాదు చేసినవాడు ఆమెను చూపించాడు. లోపలికి పిలిచారు.

"ఈడు నీ కొడుకేనా అని అడిగిండ్రట. ఆమె పిలగాని దిక్కు సూసిందట. ఈడు చేతులకు సున్నపుపొడి రాసుకొని నిలవడ్డడు. ఈ పిలగాన్ని నేనెన్నడు సూడలే సామీ అన్నదట."

దయాకర్ తన అరచేతులు చూసుకున్నాడు.

"పోనిచ్చిండ్రు. ఆడిండు. కప్పు తెచ్చిండు. బయటికొచ్చి సూస్తే ముఠా లేదు. మేడ్చల్ దిక్కు పోయిండ్రన్నరు. ఉరికిండు. దొరకలే."

ఆ తర్వాతే అతను ఇంటిపేరు మార్చుకున్నాడు. డ్రిల్లు మాస్టరుగా ఉన్నన్నాళ్లూ ఊళ్లోకి డోలు చప్పుడు వస్తే ఇంట్లోకి పోయి తలుపు వేసుకునేవాడు. పెళ్లి మాత్రం మనవాళ్లలోనే, ఎవరికీ తెలియకుండా, దూరపు ఊరి నుంచి చేసుకున్నాడు. కొడుకుకూ అట్లాగే చేశాడు. ముసలివాడయ్యాక ఒక్కసారి తలుపు తీసుకుని వీధిలోకి వచ్చి డోలు కొట్టే ఆమె ముఖంలోకి చూశాడట. ఆమె ఎవరో ముప్పై ఏళ్ల మనిషి.

"ఆమె పేరేంది?" అన్నాడు దయాకర్.

"ఎవలి పేరు?"

"రాజలింగు తల్లి పేరు."

"ఎవలకూ ఎరుక లేదు. ఆయన ఎన్నడు ఆ పేరు పలకలేదట."

కొమురవ్వ పళ్లెం మళ్లీ దగ్గరికి లాక్కుంది. "ఒక తల్లి చెప్పింది. సాలు. రెండోపారి నేను చెప్ప."

"అవ్వా, పిల్ల ఆట ఆగిపోతది."

"నేను ఆపుతలేను బిడ్డా."

దయాకర్ తలెత్తాడు. గుమ్మంలో మంజుల నిలబడి ఉంది. డ్యూటీ బట్టల్లో ఉంది, చేతిలో ఖాళీ సీసా ఉంది. ఎప్పటి నుంచి ఉందో అతనికి తెలియదు. ఆమె కొళాయి తిప్పి సీసా నింపుకుంది. మూత బిగించింది. అత్తకేసి గానీ మొగుడికేసి గానీ చూడకుండా చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

*

మధ్యాహ్నం కరుణ అతన్ని పార్కుకు లాక్కుపోయింది. చేతులు చల్లబడితే పట్టు పోతుందని కోచ్ చెప్పాడట. పార్కులో పెద్దవాళ్లు వ్యాయామం చేసుకునే ఇనుప కడ్డీ ఉంది. కింద ఇసుక తడిగా ఉంది. కరుణ చెప్పులు విప్పి ఎగిరి కడ్డీ పట్టుకుంది.

దయాకర్ ఆమె వెన్ను కింద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. పిల్ల ఆరేళ్లప్పుడు ఇక్కడే మొదట పట్టుకోవడం నేర్పాడు. ఇప్పుడు ఆమెకు అతని చెయ్యి అక్కర్లేదు. అయినా తీయలేదు.

"డాడీ, నేను గూగుల్ చేసిన. ఒక ఫొటోల ఒకామె గడ మీద పడుకున్నది, కడుపు మీదనే బ్యాలెన్స్. కింద నెట్ లేదు, మ్యాట్ లేదు. మా కోచ్ చూస్తే పాగల్ అయితడు."

"అవునా."

"మమ్మీ ఎందుకేడుస్తుంది? దొమ్మరి అంటే బ్యాడ్ వర్డా?"

"బ్యాడ్ కాదు."

"మరి నువ్వెందుకు చెప్పలే?"

అతను కడ్డీ కేసి చూశాడు. తుప్పు ఎక్కడైనా ఉందేమోనని వేలితో రాసి చూశాడు.

కరుణ కాళ్లు ముందుకు చాపి ఊగడం మొదలుపెట్టింది. ఊగుతూనే అడిగింది. "ఆయన లాస్ట్‌కు ఎట్ల దిగేటోడు? డిస్మౌంట్?"

"ఎవరు?"

"రాజలింగు తాత."

"తెల్వదు బిడ్డా."

"మీ డాడీని అడగలేదా నువ్వు? నువ్వు గూడ బార్ చేసినవ్ గదా."

"అడగలే."

కరుణ చేతులు వదిలి ఇసుకలో దిగింది. ఒక అడుగు వెనక్కి పడింది. అది తప్పు అని ఆమెకు తెలుసు. నోరు బిగించి మళ్లీ ఎక్కబోయి ఆగింది.

"రేపు పోవాల్నా వద్దా?"

"మమ్మీని అడుగు."

"మమ్మీని అడిగితే బాపమ్మ చెప్తే అన్నది. బాపమ్మను అడిగితే మీ అమ్మ చెప్తే అన్నది. నువ్వు మమ్మీని అడుగంటున్నవ్. ఖలాస్." అరచేతులకంటిన తుప్పును ప్యాంటుకు తుడుచుకుంది. "ఎవరూ నన్నడుగుతలేరు."

ఇంటికి వస్తూ దారిలో జ్యూస్ కొట్టు దగ్గర ఆగి, ఏం తాగుతావని దయాకర్ అడిగాడు. వద్దంది.

సాయంత్రం మాలతి రాలేదు. అవసరం లేదని మంజుల క్లినిక్కు నుంచే ఆమెకు ఫోన్ చేసి చెప్పింది. ఆ సంగతి దయాకర్‌కు మాలతి పంపిన మెసేజ్ చూశాకే తెలిసింది. ఎందుకు వద్దన్నదో మాలతికీ తెలియదు.

మంజుల ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి, నేరుగా వంటింట్లోకి పోయింది. కొమురవ్వ అక్కడే ఉంది. తలుపు మూసుకుంది. కొళాయి తిప్పిన చప్పుడు వినబడింది. లోపల ఇద్దరూ మాట్లాడుకుంటున్నారని తెలుస్తోంది. నీళ్ల చప్పుడులో మాటలు తెలియలేదు. ఒకసారి తల్లి గొంతు పెరిగింది. ఒకసారి ఎవరో ముక్కు చీదారు.

దయాకర్ హాల్లో కూర్చున్నాడు. టీవీ పెట్టలేదు.

మంజుల బయటికి వచ్చి గదిలోకి పోయింది. స్టూలు జరిపిన చప్పుడైంది. అల్మారా పైనున్న ఎర్ర ట్రాలీ సంచి దింపింది. ఇంట్లో ప్రయాణానికి పనికొచ్చే సంచి అదొక్కటే. మంజుల మొదటిసారి దుబాయ్ వచ్చినప్పుడు తెచ్చుకుంది. తర్వాత అది ఊళ్లో ఉండిపోతే, నెల కిందట కొమురవ్వ దాంతోనే వచ్చింది.

అతను గుమ్మం దాకా వెళ్లాడు.

"ఎవలు పోతున్నరు?"

"రేపు తెలుస్తది."

"మంజులా, నేను అవ్వను అడగొద్దుండె. తప్పయింది."

ఆమె సంచి జిప్పు లాగి లోపల దుమ్ము దులిపింది. "నువ్వు అడిగినందుకు కాదు నాకు బాధ. అడిగినప్పుడు నీ గొంతు విన్న. మా నాయినకు ఇంటిపేరు చెప్పిన గొంతే అది."

"ఇప్పుడేం చెయ్యమంటవ్ మరి?"

"పోయి పండుకో."

ఆ రాత్రి కొమురవ్వ తన అరలో పడుకోలేదు. కోడలు పిలిస్తే గదిలోకి పోయింది. ముగ్గురు ఆడవాళ్లు గదిలో ఉన్నారు. దయాకర్ సోఫా మీద ఉన్నాడు. లోపల ఒకసారి కరుణ నవ్వు వినబడింది. తర్వాత లైటు ఆరిపోయింది.

*

ఆదివారం పొద్దున మంజుల కూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టి జుట్టు ముడి వేసింది. పోటీ రోజున వేసే ముడి. ఒక్క వెంట్రుక బయటికి రాకుండా పిన్నులు పెట్టి, పైన వల తొడిగింది. కరుణ నొప్పికి మూలిగింది. కొమురవ్వ పక్కన నిలబడి పిన్నులు ఒక్కొక్కటే అందించింది.

దయాకర్ స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పిల్ల పోతోందా అని అడగాల్సిన పని లేదనుకున్నాడు. కిట్ బ్యాగు గుమ్మం దగ్గర ఉంది. దాని పక్కన ఎర్ర ట్రాలీ కూడా ఉంది. నిండుగా ఉంది.

కింద టాక్సీ వచ్చింది. డ్రైవరు పెషావర్ వైపు మనిషి. యల్లా, యల్లా, వెనక బండ్లు ఆగిపోయాయి అని తొందర పెట్టాడు. రెండు సంచులూ డిక్కీలో పెట్టాడు. కొమురవ్వ, కరుణ వెనక ఎక్కారు. మంజుల వాళ్ల పక్కన ఎక్కింది. దయాకర్ ముందు తలుపు పిడి పట్టుకున్నాడు.

మంజుల అద్దం దించింది.

"నువ్వు ఇంట్లనే ఉండు."

"దాని ఆట నేను చూడద్దా?"

"దాన్నే అడిగిన నేను, ఎవలు రావాల్నని. రాత్రి అడిగిన."

దయాకర్ కరుణ వైపు చూశాడు. కరుణ ఒళ్లో చేతులకు టేపు చుట్టుకుంటోంది. తల ఎత్తలేదు. కొమురవ్వ కొడుకు వైపు చూసింది. ఏదో అనబోయింది. మంజుల అత్త మోకాలి మీద చెయ్యి వేసింది. ఆమె ఆగిపోయింది.

"మరి ఆ ట్రాలీ?"

అద్దం పైకి పోయింది. అతను పిడి వదిలాడు. టాక్సీ సందు చివర దాకా పోయి, మెట్రో స్టేషను వైపు తిరిగింది. పోటీ జరిగే హాలుకు అటే పోవాలి. ఎయిర్‌పోర్టుకు కూడా అటే పోవచ్చు.

అతను పైకి వచ్చాడు. బల్ల మీద మూడు చాయ్ గ్లాసులు ఉన్నాయి. కడిగాడు. తల్లి చీరలు ఉన్నాయో లేవో, మంజుల బట్టలు ఉన్నాయో లేవో చూద్దామని గది దగ్గరికి పోయాడు. తాళం వేసి ఉంది. తాళంచెవి మంజుల దగ్గర ఉంది.

మంజులకు ఫోన్ చేశాడు. స్విచాఫ్. తల్లి ఫోన్ వంటింట్లో చార్జింగు పెట్టి ఉంది, అక్కడే మోగింది. క్లబ్బు రిసెప్షన్ నంబరుకు ఇంగ్లీషులో మెసేజ్ పెట్టాడు. కరుణ చేరిందా అని. అక్కడ కొత్తగా చేరిన అమ్మాయి జవాబిచ్చింది.

కరుణ వచ్చింది. వార్మప్ చేస్తోంది. వెంట ఒకామె ఉంది.

ఒక్కరేనా, ఎవరు, తల్లా, నాయనమ్మా అని దయాకర్ అడిగాడు.

మెసేజ్ చేరినట్టు రెండు టిక్కులు పడ్డాయి. తొమ్మిదింటికి హాల్లో పోటీ మొదలైంది. పదింటికి కూడా ఆ టిక్కులు, ఎవరూ చదవనట్టు, బూడిదరంగులోనే ఉన్నాయి.